18 మందిలో 9 మంది అమ్మాయిలు మానేశారు, తప్పు నా కోచింగ్‌దేనా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగినాయన ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న కాశీనగరం దగ్గర ఒక పల్లెలో 13 నుంచి 16 ఏళ్ల అమ్మాయిలకు కబడ్డీ నేర్పుతున్నారు. మొదటి ఏడాది 18 మంది చేరారు. దాదాపు ఒక్కరూ నాగా పెట్టలేదు, జిల్లా పోటీల్లో సెమీస్ దాకా వెళ్లారు. రెండో ఏడాది సగం గడిచేసరికి 9 మంది మిగిలారు. "నేను స్ట్రిక్ట్‌గానే ఉంటాను, లేకపోతే గెలవరు కదా. ఇళ్లలో పంపడం లేదా, వాళ్లకే ఇష్టం పోయిందా, నా తప్పేమైనా ఉందా?" అని అడిగారు.

నేను పర్లాకిమిడిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచర్ని. 22 ఏళ్లుగా పొద్దున్న, సాయంత్రం పరుగు, ఖోఖో నేర్పుతున్నాను. కబడ్డీ ఎత్తుల గురించి నేను మీకు చెప్పగలిగింది తక్కువ. అమ్మాయిలు ఎందుకు మానేస్తారన్నది మాత్రం దగ్గర నుంచి చూశాను. నా దగ్గర మానేసినవాళ్లు తక్కువ మందేమీ కాదు.

సూటిగా చెప్తాను. ఇల్లు, చదువు, పెళ్లి మాటలు అన్నీ నిజమైన కారణాలే. కానీ వాటి బరువు ఎంత పడాలో నిర్ణయించేది చాలావరకు కోచింగే. ఇంట్లో "ఇంక చాల్లే" అన్నప్పుడు అమ్మతో పోట్లాడి మరీ వచ్చే అమ్మాయి ఉంటుంది. అదే మాట వినగానే లోపల "హమ్మయ్య" అనుకునే అమ్మాయి ఉంటుంది. ఆ తేడా ఇంట్లో పుట్టదు, మన గ్రౌండ్‌లో పుడుతుంది. మీ మొదటి ఏడాది బాగా సాగింది కాబట్టి మీ పద్ధతి సరైనదే అనుకుంటున్నారు. నాకు అనుమానం అక్కడే. భయంతో, సిగ్గుతో నడిపే కోచింగ్ మొదటి ఏడాది చక్కగా పనిచేస్తుంది. రెండో ఏడాది జట్టును ఖాళీ చేసేది కూడా అదే.

ఇది నా ఊహ కాదు. కెనడాలో 369 మంది ఈత క్రీడాకారులను, అమ్మాయిలనూ అబ్బాయిలనూ కలిపి, 22 నెలలు గమనించి పెలెటియర్, మరికొందరు పరిశోధకులు 2001లో ఫలితాలు ప్రచురించారు. "మానేస్తే సిగ్గుచేటు, అందరూ ఏమనుకుంటారో" అన్న లోపలి ఒత్తిడితో వచ్చేవాళ్లు 10 నెలల దగ్గర చూస్తే నిలబడే ఉన్నారు. 22 నెలలకు వచ్చేసరికి ఆ ఒత్తిడికి నిలబెట్టే బలం పోయింది. బహుమతి కోసమో, శిక్ష భయంతోనో, ఎవరో పంపితేనో వచ్చేవాళ్ల సంగతి ఇంకా కష్టం. 10 నెలల దగ్గర ఆ బలవంతం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. 22 నెలలకు అది మానేయడం వైపే లాగింది. రెండుసార్లూ నిలబెట్టింది ఒకటే, సొంత ఇష్టం. కోచ్ తమ మాట వింటాడు, తమకంటూ కొంత చోటు ఇస్తాడు అనిపించినవాళ్లలో ఆ ఇష్టం ఎక్కువగా కనిపించింది.

మీ లెక్క కూడా దాదాపు అంతే కదా. మొదటి ఏడాది నిండుగా ఉంది, ఏడాదిన్నర దగ్గర సగం ఖాళీ అయింది. మొదటి ఏడాది హాజరు పట్టీ చూసి సంతోషించే కోచ్‌కు రెండో ఏడాది ఏమవుతుందో ఆ పట్టీలో కనిపించదు. నాకూ కనిపించలేదు.

2004లో నా దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె ఉండేది. 800 మీటర్లు పరిగెత్తేది. గుణుపురం వైపు నుంచి బస్సులో వచ్చేది. ఆ బస్సు ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి. అయినా ఒక్క పూట తప్పేది కాదు. వేసవి సెలవుల తర్వాత వచ్చింది, కొంచెం ఒళ్లు చేసింది. టైము ఏడు సెకన్లు తగ్గాల్సింది పోయి ఏడు సెకన్లు పెరిగింది. గీత దాటి వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. అందరి ముందూ నేను "సెలవుల్లో తిన్నావా, మేశావా?" అన్నాను. పక్కనున్న పిల్లలు నవ్వారు. తనూ నవ్వింది. ఆ తర్వాత మూడు వారాలు రోజూ వచ్చింది, చెప్పిందల్లా చేసింది. నేను దాన్ని పట్టుదల అనుకున్నాను.

నాలుగో వారం సోమవారం స్టాఫ్ రూమ్ కిటికీ గట్టు మీద ఒక ప్యాకెట్ ఉంది. విప్పి చూస్తే స్కూలు తరఫున నేనిచ్చిన స్పైక్ బూట్లు. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, వంకర పోకుండా లోపల ఒడియా పేపరు ఉండలు కుక్కి ఉన్నాయి. అడుగున మేకుల్లో ఒక్క మట్టి రవ్వ లేదు. లేసులు విప్పి, ఉతికి, విడిగా చుట్టి పెట్టింది. ఉత్తరం లేదు, మాట లేదు. ఆటంటే ఇష్టం లేని పిల్ల బూట్లు అలా కడగదు.

నెల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న "మా గుంటకి చదువు ఎక్కువైందండి, అందుకే" అన్నాడు. ఆ పిల్ల తల వంచుకుని ఊఁ అంది. అసలు సంగతి పదేళ్ల తర్వాత బజార్లో కనబడి తనే చెప్పింది. ఆ రోజు నుంచి రాత్రి అన్నం మానేసిందట. అయినా పరుగు రాలేదట. "మీరు మళ్లీ ఏమంటారో అని గీత దగ్గరకొస్తుంటేనే కాళ్లు బిగుసుకుపోయేవి మేడమ్" అంది. నేను ఒక్క మాటే అన్నాను. అది కూడా రోజూ కాదు, ఒకసారి.

అందుకే మీరు "ఎప్పుడో ఒకసారి తిడతాను, మనసులో ఏమీ పెట్టుకోను" అంటే నేను ఒప్పుకోను. మనం పెట్టుకోం, వాళ్లు పెట్టుకుంటారు. ఇంకో సంగతి, అమ్మాయి మానేసిన రోజు, మానేయాలని నిర్ణయించుకున్న రోజు ఒకటి కావు. మధ్యలో మూడు నాలుగు వారాలు చాలా క్రమశిక్షణగా, చాలా మౌనంగా వస్తుంది. ప్రశ్నలు అడగదు, వాదించదు, పక్కవాళ్లతో గొడవ పడదు. "ఈ మధ్య దారిలో పడింది" అని మనం మురిసిపోయే కాలం అదే. ఎవరైనా హఠాత్తుగా బుద్ధిమంతురాలు అయిపోతే ఇప్పుడు నేను ఆ రోజే పక్కన కూర్చుంటాను.

మీ అమ్మాయిల వయసు 13 నుంచి 16 అన్నారు. ఆ వయసులో ఒంటి గురించి కోచ్‌కు తెలియకపోతే చాలా తప్పులు జరుగుతాయి. అమ్మాయిలు వేగంగా పొడుగెదిగేది సుమారు 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలకు అది దాదాపు రెండేళ్లు ఆలస్యం. ఆ తర్వాత నెలసరి మొదలవుతుంది, నడుము భాగం వెడల్పవుతుంది, ఒంట్లో కొవ్వు పెరుగుతుంది. నిన్నటిదాకా తేలిగ్గా ఉరికిన పిల్లకు తన ఒళ్లే కొత్తగా అనిపిస్తుంది. ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఆట ముందుకు సాగదు. అదే వయసులో అబ్బాయిలు రోజురోజుకూ బలపడుతుంటారు. పోల్చి చూసే కోచ్‌కు అమ్మాయిలు బద్ధకిస్తున్నట్టు కనిపిస్తుంది. అది బద్ధకం కాదు, ఎదుగుదల. "ఇది ఒక దశ, అందరికీ వస్తుంది, టైము మళ్లీ వస్తుంది" అని ఆ పిల్లకు ముందే చెప్పి ఉంటే సగం భయం పోతుంది. నేను ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి ఏడాది మొదట్లోనే చెప్తాను.

కబడ్డీలో మీకు ఇంకో చిక్కుంది. వయసు విభాగాల్లో బరువు పరిమితి ఉంటుంది కదా. పోటీలకు వారం ముందు కాటా ఎక్కించి "రెండు కిలోలు తగ్గాలి" అంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? తిండి మానేస్తుంది, నీళ్లు మానేస్తుంది. ఎదిగే పిల్లకు, అదీ రోజూ ప్రాక్టీసు చేసే పిల్లకు, తిండి తక్కువైతే నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి, మాటిమాటికీ దెబ్బలు తగులుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీని మీద ప్రత్యేకంగా ప్రకటన చేసి, ఇది క్రీడల్లో శక్తి లోటు వల్ల వచ్చే ఆరోగ్య సమస్య అని గుర్తించింది. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించాలి. "పోటీలున్నాయి కాబట్టి మంచిదే" అనుకునే కోచ్‌లను నేను చూశాను, ఆడవాళ్లలో కూడా. బరువు అంచున ఉన్న అమ్మాయిని పై విభాగంలో ఆడించండి. ఓడిపోతే ఓడిపోనివ్వండి.

రక్తహీనత సంగతి కూడా ఇక్కడే. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే మీ 18 మందిలో పది మందికి ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. కూత పట్టి వెళ్లి సగంలో ఊపిరి ఆగిపోతున్న పిల్లను "స్టామినా లేదు, ఇంకో పది రౌండ్లు" అంటే మందు వదిలేసి రోగాన్ని తిట్టినట్టే. స్కూల్లో వారానికి ఒకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలామంది కిటికీలోంచి పారేస్తారు, కడుపులో తిప్పుతుందని. అన్నం తిన్నాక వేసుకోవాలి, ఆ వెంటనే టీ తాగకూడదు అని చెప్పండి. హెల్త్ సెంటర్లో ఒకసారి రక్తం చూపించండి. నా దగ్గర "దీనికి ఆట రాదు" అని నేను దాదాపు వదిలేసిన ఇద్దరు పిల్లలు మూడు నెలల మాత్రలతో మనుషులయ్యారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లకు నానబెట్టిన శనగలు, చిన్న బెల్లం ముక్క పెడతాను. ఖర్చు పెద్దగా ఏమీ కాదు.

నెలసరి రోజుల్లో రాని పిల్లను "నెలకు నాలుగు రోజులు నాగా" అని అందరిలో లెక్క చెప్పకండి. మా స్కూల్లో గ్రౌండ్ వైపు మరుగుదొడ్డికి ఏళ్ల తరబడి లోపల గడియ లేదు. ఒక పిల్ల లోపలికెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడేది. తోడు దొరకని రోజు అసలు ప్రాక్టీసుకే వచ్చేది కాదు. నేను మోటివేషన్ గురించి ఉపన్యాసాలు ఇచ్చాను కానీ ఆ గడియ చూడలేదు. ఒక శనివారం వడ్రంగిని పిలిచి వేయించాను. లేత రంగు నిక్కర్ల బదులు నల్లవి కుట్టించాం. ఆ రెండు పనుల తర్వాత హాజరులో వచ్చిన తేడా నా ఏ ఉపన్యాసం తర్వాతా రాలేదు.

ఇప్పుడు "స్ట్రిక్ట్" అన్న మాట దగ్గరికి వస్తాను. మీరు దాన్ని వదిలేయాలని నేను అనడం లేదు. స్ట్రిక్ట్‌గా ఉండడం వేరు, అవమానించడం వేరు. ప్రాక్టీసు అయిదున్నరకంటే అయిదున్నరకే. వార్మప్ ఎవరూ ఎగ్గొట్టకూడదు. ఆ నియమం కెప్టెన్‌కైనా, కొత్తగా చేరినదానికైనా ఒకటే. ఇలాంటి కచ్చితత్వం అమ్మాయిలకు ఇష్టం. నియమం లేని గ్రౌండ్ నుంచి కూడా పిల్లలు వెళ్లిపోతారు, అది కూడా చూశాను. కానీ ఆలస్యమైతే గుంజీళ్లు తీయించడం, తప్పు చేస్తే గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించడం వేరే సంగతి. నేను పరుగు నేర్పేదాన్ని, నేనే పరుగును శిక్షగా వేస్తే ఆ పిల్ల పరుగును ఎందుకు ప్రేమిస్తుంది? పదిహేనేళ్లుగా నా గ్రౌండ్‌లో పరుగు ఎవరికీ శిక్ష కాదు. ఆలస్యంగా వస్తే ఆ రోజు కోన్లు సర్దాలి, అంతే.

తప్పు దిద్దే పద్ధతి మీదే చాలా ఆధారపడి ఉంటుంది. అమెరికాలో బార్నెట్, స్మోల్, స్మిత్ అనే ముగ్గురు 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరు కోచ్‌లకు చిన్న శిక్షణ ఇచ్చారు. బాగా చేస్తే చూసి చెప్పండి, తప్పు చేస్తే ముందు ధైర్యం చెప్పి తర్వాత ఎలా దిద్దుకోవాలో చూపండి, శిక్షించకండి, వెటకారం చేయకండి. స్థూలంగా అంతే. మరుసటి ఏడాది ఆ కోచ్‌ల పిల్లల్లో నూటికి 5 మంది మానేశారు, శిక్షణ తీసుకోని కోచ్‌ల పిల్లల్లో 26 మంది. గెలుపు ఓటముల్లో మాత్రం రెండు వైపులా పెద్ద తేడా లేదు. నిజమే, వాళ్లు బేస్‌బాల్ ఆడే మగపిల్లలు, మనవాళ్లు కాదు. నేరుగా ఇక్కడ అతికించలేం. అయినా నా అనుభవం అటే మొగ్గుతుంది.

అమ్మాయిల మీదే చేసినదొకటి కావాలంటే ఫ్రాన్సులోది ఉంది. హ్యాండ్‌బాల్ ఆడే 335 మంది అమ్మాయిలను సరజిన్ బృందం 21 నెలలు గమనించింది, 2002లో వచ్చింది. "నిన్నటికన్నా నువ్వు మెరుగుపడ్డావా" అని చూసే కోచ్ దగ్గర ఒక రకం వాతావరణం ఉంటుంది, "ఆమెకన్నా నువ్వు మెరుగా" అని చూసే కోచ్ దగ్గర ఇంకో రకం. మొదటి రకంలో అమ్మాయికి మూడు అనిపిస్తాయి: నాకు ఇది వస్తోంది, నా మాటకు ఇక్కడ విలువుంది, వీళ్లు నావాళ్లు. డెసి, రయాన్ అనే మనస్తత్వవేత్తలు ఎవరికైనా ఇష్టం నిలవాలంటే కావాలని చెప్పినవి ఈ మూడే. ఇవి తగ్గితే ముందు ఇష్టం సన్నగిల్లుతుంది, తర్వాత మానేద్దామన్న ఆలోచన వస్తుంది, ఆ తర్వాత నిజంగా మానేస్తుంది. బూట్ల పిల్ల కథ చెప్పాను కదా, అచ్చంగా ఆ వరుసే.

ఈ మూడింటినీ నేను గ్రౌండ్‌లో ఎలా పట్టుకుంటానో చెప్తాను.

"నాకు వస్తోంది" అన్నదానికి ఒక్కో పిల్లకు ఒక 40 పేజీల నోటు పుస్తకం. నెలకోసారి తన టైము తనే రాసుకుంటుంది. పక్కదాని టైముతో పోల్చి నేను ఒక్క మాట అనను. మాకు సింథటిక్ ట్రాక్ లేదు. సున్నంతో గీసిన మట్టి ట్రాక్, వానాకాలంలో ఒక వంపులో నీళ్లు నిలుస్తాయి. అందుకని "తడి" "పొడి" అని కూడా రాస్తారు. లేకపోతే జూలైలో అందరూ వెనకబడ్డామనుకుని దిగులు పడతారు. మీరైతే కూత ఎన్ని సెకన్లు పట్టింది, బోనస్ గీత ఎన్నిసార్లు ముట్టుకుంది, పట్టులో ఎన్నిసార్లు కాలు వదలకుండా ఆపగలిగింది రాయించవచ్చు. రెయిడింగ్ రాని పిల్లకు కూడా మెరుగయ్యేది ఒకటి దొరుకుతుంది.

"నా మాటకు విలువుంది" అంటే పిల్లలకు నచ్చినట్టు వదిలేయడం కాదు. శనివారం ప్రాక్టీసు మా పెద్ద పిల్లలే తయారు చేస్తారు. మిగతా రోజుల్లో రెండు డ్రిల్స్ చెప్పి ఏది ముందో వాళ్లను ఎంచుకోమంటాను. ఎందుకు చేయిస్తున్నానో చెప్తాను. "చెప్పింది చేయి" అన్న మాట మానేశాను. మొదట్లో కష్టంగా ఉండేది, మన టీచర్లు మనకు అలాగే నేర్పారు మరి.

"వీళ్లు నావాళ్లు" అన్నది మన సరిహద్దులో చాలామంది గమనించని సంగతి. నా గ్రౌండ్‌లో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండల మీది నుంచి హాస్టల్‌కొచ్చిన సవర పిల్లలు కలిసి ఉంటారు. మేం నేర్పేది ఒడియాలో, తిట్టేది ఒడియాలో, జోకులేసుకునేది తెలుగులో. చాలా ఏళ్లు నాకు తోచలేదు. అందరికన్నా బాగా పరిగెత్తే సవర పిల్లలే అందరికన్నా ముందు మానేసేవారు. "హాస్టల్ పిల్లలు అంతే" అనుకునేదాన్ని. ఒకరోజు ఒక పిల్ల అడిగింది, "మీరు నవ్వేది మా గురించేనా?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి గ్రౌండ్‌లో జోకు కూడా అందరికీ అర్థమయ్యే మాటలోనే. సవర భాషలో పిల్లల చేతే కొన్ని మాటలు నేర్చుకున్నాను. ఒకటి తప్పుగా పలికితే వాళ్లు పడీపడీ నవ్వుతారు, ఆ నవ్వు చాలా మంచిది. మీ 9 మందిలో ఎవరి ఇంటి భాష ఏదో ఒకసారి రాసి చూడండి.

మీరు మగ కోచ్ కాబట్టి మొహమాటం లేకుండా ఇంకొన్ని చెప్పాలి, తమ్ముడి లాంటివారు కాబట్టి చెప్తున్నాను. కబడ్డీలో పట్టు నేర్పాలంటే ఒంటి మీద చేయి వేయాలి. మీరు వేయకండి. పెద్ద అమ్మాయి మీద ఇంకో అమ్మాయి చేత చేయించి చూపించండి. తప్పనిసరైతే అడిగి, అందరి ముందే. ఫోన్లో విడిగా మెసేజ్‌లు వద్దు, అమ్మలు కూడా ఉన్న గ్రూపులోనే. బరంపురం పోటీలకు వెళ్తే తోడుగా ఒక ఆడ మనిషి ఉండాలి. టీచరైనా సరే, ఒక పిల్ల అమ్మైనా సరే. 2022లో ఒక ఫిర్యాదు తర్వాత భారత క్రీడా ప్రాధికార సంస్థ కూడా అమ్మాయిలున్న బృందంతో మహిళా కోచ్ ఉండాలని చెప్పింది. 2023లో మన రెజ్లర్లు ఢిల్లీలో రోడ్డు మీద కూర్చున్నది ఇళ్లలో టీవీల్లో అందరూ చూశారు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ప్రతి అమ్మ ముందు అడిగింది "తీసుకెళ్లేది ఎవరు?" అనే. ఆ అడగడం మీ మీద అనుమానం అనుకోకండి. ఆపదలో ఉన్న పిల్లలు సాయం అడిగే చైల్డ్‌లైన్ నంబరు 1098 పిల్లలకు చెప్పి, దేనికో చెప్పి, గోడ మీద రాయించండి. దాని వల్ల మంచి కోచ్‌కు ఏ ఇబ్బందీ రాదు.

అయితే ప్రతి మానేయడాన్నీ మీ నెత్తిన వేసుకోకండి. పదో తరగతి బోర్డు పరీక్షల ఏడాది కొందరు వెళ్తారు, వెళ్లనివ్వాలి. గంజాం వైపు నాన్న సూరత్ మిల్లులకు వెళ్తే ఇంట్లో పెద్ద పిల్ల మీదే పనంతా పడుతుంది, ఆ పిల్లకు మనం చేయగలిగేది ప్రాక్టీసు వేళ మార్చడం వరకే. ఒక నాన్న నాతో "ఆటలాడితే నల్లబడిపోద్ది, రేపు సంబంధం ఎవులు చేసుకుంతారు?" అన్నాడు. ఆయనకు పోలీసు ఉద్యోగం, రైల్వే స్పోర్ట్స్ కోటా గురించి చెప్తే మెత్తబడ్డాడు. ఉద్యోగం మాట నాన్నలకు చెప్పండి, తప్పులేదు. కానీ పిల్లకు రోజూ అదొక్కటే చెప్తే ప్రమాదం. ఉద్యోగం రాదని తేలిన రోజు ఆటా పోతుంది.

మల్లీశ్వరి పేరు కూడా అంతే జాగ్రత్తగా వాడాలి. ఆమదాలవలస మనకు పక్కనే. 2000లో సిడ్నీలో ఆమె 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన రోజు మా వీధిలో నేనూ ఏడ్చాను. ఆమె ఫోటో నా గదిలో ఇప్పటికీ ఉంది. ఐతే "మల్లీశ్వరిని చూడు, నువ్వూ ఉన్నావు" అని ఒక కోచ్ అనగా విన్నాను. ఆ పేరు దీపంలా పెట్టుకోవాలి, కర్రలా కాదు.

ఇక వెళ్లిపోయిన ఆ 9 మంది. వాళ్లిళ్లకు వెళ్లండి, మీ ఇంట్లో ఆడవాళ్లను ఎవరినైనా వెంటబెట్టుకుని. "మళ్లీ రా" అని అడగకండి. ఆ మాట అన్నారంటే వాళ్ల నోటి నుంచి నిజం రాదు, చదువు అనో తలనొప్పి అనో చెప్పేస్తారు. "నేను ఏం చేసి ఉంటే నీకు రావాలనిపించేది?" అని అడిగి ఊరుకోండి. మొదటి ఇంట్లో ఏమీ చెప్పరు. మూడో నాలుగో ఇంట్లో ఎవరో ఒకామె చెప్తుంది, అదీ తన గురించి కాదు, "ఫలానా దాన్ని మీరు అలా అన్నారు కదా సార్, అందుకని" అని పక్కదాని మీద పెట్టి. అప్పుడు సంజాయిషీ ఇవ్వకండి. ఆమె చెప్పింది ఇంటికొచ్చి రాసుకోండి. మిగిలిన 9 మందితో కూడా అదే ప్రశ్న, చీటీల మీద, పేరు రాయకుండా. ఏ భాషలో రాసినా పరవాలేదని చెప్పండి.

నా దగ్గర అలా వెళ్లినవాళ్లలో తిరిగొచ్చింది తక్కువ మందే, అబద్ధం చెప్పను. కానీ వాళ్ల చెల్లెళ్లు వచ్చారు.